బడి గోడ మీద ఎర్ర గీత

నాకు "తెలీదు" అనడం రాదు. గొప్పకి చెప్పడం లేదు, మా ఆవిడ పెళ్లయిన నాటి నుంచి చేస్తున్న ఫిర్యాదు ఇది. భిలాయిలో ఎవరైనా దారి అడిగితే, తెలియకపోయినా ఏదో ఒక వైపు చెయ్యి చూపించి పంపేసే రకాన్ని. దానికి సగం కారణం నా స్వభావం, సగం నా ఉద్యోగం. కర్మాగారంలో సర్వే సెక్షన్‌లో లెవెల్ తీసే పని నాది. కొండంత యంత్రాలు నిలబడ్డ పునాదులు కిందికి దిగుతున్నాయా లేదా అని ఏటా కొలిచి కాగితం మీద రాసివ్వాలి. ఆ కాగితంలో అంకెకి గడి ఉంటుంది, సంతకానికి గడి ఉంటుంది. "తెలీదు" అని రాయడానికి గడి లేదు.

కొలవాలంటే ముందు ఒక కదలని చోటు కావాలి. మా దగ్గర అది రాతిలోకి దింపిన ఇనుప బోల్టు. దాన్ని బెంచ్‌మార్క్ అంటాం. దాని చుట్టూ సిమెంటు గట్టు, పైన మూత, పక్కన ఎర్ర రంగుతో త్రికోణం. దాని మీద ఎవరూ కూర్చోరు, సైకిలు ఆనించరు. విశ్వకర్మ పూజ నాడు యంత్రాలకి బొట్లు పెట్టినప్పుడు ఆ బోల్టుకీ ఒక బొట్టు పెట్టి, పువ్వు ఉంచి దణ్ణం పెట్టుకుంటాం. అన్నీ దిగొచ్చు, అది దిగదు. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి రోజున చెప్పిన పాఠం అదే. ఆ పాఠం భిలాయి నేల మీద అక్షరాలా నిజం. ఇక్కడ గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి.

మా చెల్లి ఉద్యోగం మాత్రం గునపం వేస్తే నీళ్లూరే చోట. భిలాయి క్యాంప్ 1 బస్తీ సందుల్లో పుట్టి, హిందీలో కలలు కనే పిల్ల, పెళ్లయ్యాక టీచరు పరీక్ష రాసి సముద్రం ఒడ్డున, ఏటి పాయ కలిసే చోట ఒక చేపల పల్లెలో బడికి వెళ్లింది. మొదట్లో పిల్లలు దాని తెలుగు విని పడీ పడీ నవ్వేవాళ్లట. కొన్నేళ్లు తిరిగేసరికి వాళ్ల పడవల పేర్లూ, పోటుపాట్ల వేళలూ దానికి నోటికొచ్చేశాయి. ప్రతి ఆదివారం పది గంటలకి మా వైశాలి నగర్ ఇంటికి ఫోను చేసేది. ఆ గంట నాకు ఎవరూ అడ్డు రాకూడదు.

అలాంటి ఒక ఆదివారమే అడిగింది.

"అన్నయ్యా, ఒకసారి నీ మిషను పట్టుకుని వచ్చీవా? నాకేటో మా ఊరు కిందికి దిగుతున్నట్టుంది. ఏటి చెప్పాలో తెలవట్లేదు, ఇక్కడ అందరూ నన్నే అడుగుతున్నారు."

అడగడానికి కారణం ఉంది. ఉప్పుటేరు అవతల ఎత్తైన ఇసుక దిబ్బ మీద ఆ పల్లెకి ఇళ్ల స్థలాలు ఇస్తామని ప్రభుత్వం నుంచి కబురొచ్చింది. వెళ్తే పడవలకి పది నిమిషాల నడక దూరంలోనే ఉంటారు. కానీ తాతల నాటి చోటు వదలాలి. కావాలో వద్దో ఊరంతా కలిసి నెలలోగా చెప్పాలి. ఊరు నిజంగా దిగుతోందంటే వెళ్తారు, లేదంటే ఉంటారు. చెల్లికి వెళ్లడమే మంచిదని లోపల ఉంది. అయితే ఊహ మీద అంతమందిని కదిలించడానికి దానికి ధైర్యం చాల్లేదు. కొలిచే అన్నయ్య ఉండగా ఊహలెందుకు అనుకుంది.

దసరా సెలవుల్లో లెవెల్ పెట్టె, మూడు కాళ్ల స్టాండు, అంకెల కర్ర మోసుకుని రైలెక్కాను. రెండేళ్లు దాటిన మాట.

ఊరి వెనక మడ అడవి చూపించింది చెల్లి. సగం చెట్లు ఆకుల్లేకుండా, బూడిద రంగు కొయ్యల్లా నిలబడి ఉన్నాయి. కింద నీళ్లు కదలకుండా పాచి వాసన వేస్తున్నాయి. ఒకప్పుడు ఏటా ఏటి పాయకి ఎర్రటి వరద వచ్చి, అడవంతా పరుచుకుని, వేలెడు మందాన ఒండ్రు వదిలి వెళ్లేదట. ఎగువన నీళ్లు ఆపి కాలవలకి మళ్లించాక ఆ వరద రావడం తగ్గింది. ఆపైన అడవికి అడ్డంగా రోడ్డు కట్ట వేసి రెండంటే రెండు తూములు పెట్టారు. పోటుకి లోపలికి వచ్చిన ఉప్పునీరు పాటుకి బయటికి పోవడం లేదు. నిలవ నీటిలో వేళ్లు కుళ్లుతున్నాయి.

"ఇక్కడి నేల గట్టిది కాదు అన్నయ్యా. అడుగున అంతా బురదే. దాని బరువుకి అదే అణిగిపోతుంటాది. ఏటా కొత్త మన్ను పైన పడతాది కాబట్టి సరిపోయీది. క్యాంప్ 1లో అమ్మ మన మట్టి నేల అలికీది చూడు, అలాగన్నమాట. ఇప్పుడు అలికే మనిషి లేదు."

చక్కగా చెప్పింది. నేను చక్కగా తలూపాను. మాస్టారమ్మ పాఠం చెబుతోంది, చెప్పనీ అనుకున్నాను. మా టౌన్‌షిప్ వైపు ఒక చెరువులో పూడిక తీసి లారీల్లో పోస్తుంటే మా ఆవిడ రెండు తట్టలు తెప్పించి జామ చెట్టు మొదట్లో వేసిన సంగతి గుర్తొచ్చింది. అది ఫోనులో చూసి చెల్లి, "ఆ మన్ను మాకు పంపీ వదినా, మీకు బరువూ, మాకు కరువూ" అంటే అందరం నవ్వుకున్నాం. నవ్వాల్సిన మాట కాదని అప్పుడు తట్టలేదు.

బడిలో పిల్లలకి వంట చేసే అవ్వ ఒకామె ఉండేది. నేను స్టాండు నిలబెడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"బాబూ, ముందు అమాస పోటుకి నీళ్లు ఆ మడసెట్ల కాడే ఆగిపోయీవి. ఇప్పుడు బోరింగు కాడికి వచ్చేస్తన్నాయి. బోరింగు నీళ్లు కూడా ఉప్పగైపోనాయి. సముద్రమే పెరిగిందో, మా వూరే దిగిపోతందో మీరే సెప్పాల."

"చూద్దాం అవ్వా. కళ్లు మోసం చేస్తాయి, మిషను చెయ్యదు" అన్నాను. నాకు బాగా నచ్చిన డైలాగు అది. సెక్షన్‌లో కొత్తవాళ్లకి కూడా ఇదే చెబుతుంటాను.

బడి వెనకాల రోడ్డు పక్కన పాత సర్వే రాయి ఒకటుంది. సముద్రమట్టానికి అది ఎంత ఎత్తులో ఉందో దాని మీద చెక్కి ఉంది. దాన్ని చూడగానే సొంత ఊరివాడు కనిపించినట్టు ప్రాణం లేచొచ్చింది. చేత్తో దుమ్ము తుడిచాను. దాని మీద కర్ర నిలబెట్టి, అక్కణ్ణించి బడి నేల ఎత్తు తీశాను. బడి కట్టినప్పటి కాగితాలు చెల్లి బీరువాలో ఉన్నాయి. అప్పటి ఎత్తుకీ ఇప్పటి ఎత్తుకీ ఒక్క మిల్లీమీటరు తేడా లేదు. నమ్మకం కుదరక కాదు, గొప్ప చూపించుకోవడానికి రెండోసారి కూడా కొలిచాను. అదే అంకె.

ఆ సాయంత్రం బడి వరండాలో ఊరు కూడింది. నేలలో కదలిక లేదని చెప్పాను. తూములు పూడి నీళ్లు నిలవుంటున్నాయి కాబట్టే పోటు దూరం వచ్చినట్టు కనిపిస్తోందని, తూములు బాగు చేయించుకుంటే చాలని చెప్పాను. చెల్లి నా వైపు చూసి, "పక్కా కదా అన్నయ్యా?" అంది. "పక్కా" అన్నాను. అప్పుడది లేచి నిలబడి, "మా అన్నయ్య ఇనుము కరిగించే చోట లెవెల్ చూసే మనిషి, ఈయన మాట తప్పదు" అని వాళ్లకి చెప్పింది. దాని గొంతులో గర్వం ఇప్పటికీ నా చెవిలో ఉంది. దిబ్బ మీద స్థలాలు వద్దని ఊరు తీర్మానించింది.

మర్నాడు వస్తూ వస్తూ మా సెక్షన్ అలవాటు కొద్దీ ఇంకో పని చేశాను. బడి వరండా కింద పునాది గోడ మీద, నేలకి జానెడు దిగువన, ఎర్ర రంగుతో అడ్డగీత గీసి పక్కన త్రికోణం వేశాను. ఎంత పెద్ద పోటు వచ్చినా నీళ్లు ఈ గీత దాటవని చెప్పాను. రాయి మీది అంకె ప్రకారం అది నిజమే. ఆ తర్వాత నెలకి చెల్లి నవ్వుతూ చెప్పింది, అవ్వ ప్రతి అమావాస్యకీ ఆ గీతకి పసుపు రాసి బొట్టు పెడుతోందని. నాకు ఎక్కడలేని సంతోషం కలిగింది. మా బోల్టుకి మేం పెట్టే బొట్టు గుర్తొచ్చింది.

రెండేళ్లు గడిచాయి. దిబ్బ మీది స్థలాలు ఇంకో పల్లెకి ఇచ్చేశారు. వాళ్లు ఇళ్లు కట్టుకున్నారు.

ఒక అమావాస్య ఆదివారం నాడు వచ్చింది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని రెండు రోజులుగా టీవీలో చెబుతున్నారు. ఆ వారం పది గంటల ఫోను లేదు. తొమ్మిదిన్నరకే చెల్లి ఒక ఫొటో పంపి కింద నాలుగు ముక్కలు రాసింది. "ఈరోజు మాట్లాడలేను. రేవు దగ్గర గాలి గట్టిగా ఉంది, ఊరంతా బడికి వచ్చీసారు. పోటు ఒంటిగంటకి. టెన్షన్ పడకు, నీ గీత ఉంది." ఫొటోలో అవ్వ వంగి గీతకి పసుపు రాస్తోంది. వెనకాల సర్వే రాయికి ఎవరిదో మేక కట్టేసి ఉంది.

నేను మురిసిపోయి ఫోను మా ఆవిడ చేతికిచ్చాను. ఆమెది రైల్వే కుటుంబం. మామగారు పట్టాల మీదే బతుకంతా నడిచిన మనిషి. ఆదివారం చర్చికి బయల్దేరుతూ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే ఫొటో పెద్దది చేసి చూసింది.

"ఏటండీ, ఈ రాయి మీద తెల్లగా?"

"సున్నం చుక్కలై ఉంటాయి."

"సున్నం కాదండీ, గుల్లలు. మా చిన్నప్పుడు వాల్తేరులో రేవు మెట్లకి అంటుకుని ఉండీవి, కాళ్లు కోసుకుపోయీవి. ఉప్పునీరు రోజూ తడిపితేనే పుడతాయవి."

"ఆ రాయి ఎంత ఎత్తులో ఉందో నీకు తెలుసా? దాని మీద రాసి ఉంది. రోజూ నీళ్లు రావడం అసాధ్యం."

"రాసింది ఎవరండీ? ఎప్పుడు?"

నాకు ఒళ్లు మండింది. పొద్దున్నే క్లాసు తీసుకోవద్దన్నాను. ఆమె చెప్పులు వేసుకుంటూ, అరవకుండా, ఒక్క మాట అంది.

"మా నాన్న లెవెల్ పట్టీ రెండు పట్టాల మీదా అడ్డంగా పెట్టి చూసీవారు. ఒక పట్టా దిగితే తెలిసిపోయీది. గట్టుతో సహా రెండూ కలిసి దిగితే ఆ పట్టీ ఏటీ చెప్పదని భయపడీవారు."

ఆమె మాట పూర్తయ్యేలోపే ఫోను లాక్కుని ఆ ఫొటో మళ్లీ చూశాను. రాయి. రాయి కూడా ఆ బురదలోనే పాతింది కదా. బడి ఎంత దిగిందో రాయీ అంతే దిగింది. రెండింటి మధ్య తేడా మాత్రమే నేను కొలిచాను, అదీ రెండుసార్లు. భిలాయి రాతి మీద నేర్చుకున్న పాఠాన్ని తీసుకెళ్లి బురద మీద నిలబెట్టాను. దుమ్ము తుడిచి మరీ నమ్మాను. చెల్లి చెప్పింది, అవ్వ చెప్పింది, చచ్చిన చెట్లు చెప్పాయి. నేను వినలేదు.

గోడ గడియారంలో పదికి ఐదు నిమిషాలు తక్కువ. ఒంటిగంటకి పోటు. ఆ గాలివానలో రోడ్డు కట్ట దాటి దిబ్బ మీదకి చేరాలంటే ముసలీ ముతకా, పిల్లలతో గంట పైనే పడుతుంది. కట్ట మీదకి నీళ్లు ఇంకా ముందే ఎక్కుతాయి.

ఫోను చేశాను. మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను, అందుబాటులో లేదంది. మా ఆవిడ చర్చి మానేసి తన ఫోనులోంచి చెయ్యడం మొదలుపెట్టింది. తొందరలో ఒకసారి మా ఊరి పక్క జాముల్ సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల నంబరేదో నొక్కేశాను, "హలో, కౌన్?" అన్నాడెవడో. వాడి మీద అరిచాను. పదీ ఇరవైకి మా ఆవిడ ఫోనులో చెల్లి గొంతు వినిపించింది, వెనకాల గాలి హోరు.

"చెప్పు అన్నయ్యా, ఇక్కడ పిల్లలకి గంజి పోస్తున్నాం."

"అందర్నీ తీసుకుని దిబ్బ మీదకి వెళ్లిపో. ఇప్పుడే."

"ఎందుకు? నీ గీతకి ఇంకా మూరెడు కింద ఉన్నాయి నీళ్లు."

"ఎందుకైనా మంచిది. గాలి ఎక్కువుందంటున్నావు కదా."

"ఎందుకైనా మంచిదంటే ఈ వానలో ముసలోళ్లు కదలరు అన్నయ్యా. నీ గీత చూసే బడికి వచ్చారు. ఏటి జరిగిందో చెప్పు."

సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ నిజం: చెల్లెలు నీళ్ల మధ్య నిలబడి ఉన్న ఆ క్షణంలో కూడా, తప్పు నాదని తేలకుండా వాళ్లని కదిలించే దారి ఏదైనా ఉందా అని నా బుర్ర వెతికింది. వాతావరణ శాఖ వాళ్లు చెప్పారందామా అనుకున్నాను. మా ఆవిడ నా మొహంలోకే చూస్తోంది.

"నేను తప్పు కొలిచాను" అన్నాను. "రాయి కూడా దిగిపోయింది. బడితో పాటే దిగింది. ఆ గీతకి అర్థం లేదు."

గంజి పొయ్యడం ఆపమని చెల్లి ఎవరికో చెప్పడం వినిపించింది.

"ఈ మాట నేను చెప్తే నమ్మరు" అంది నాతో. గొంతు మారిపోయింది. "స్పీకరు పెడుతున్నాను. నువ్వే చెప్పీ."

చెప్పాను. ఉద్యోగంలో ఇన్నేళ్లలో ఒక్క కాగితం మీద కూడా దిద్దుబాటు సంతకం పెట్టనివాణ్ణి, కనబడని ఆ గుంపుకి అరిచి చెప్పాను. నా కొలత తప్పు, నా గీత తప్పు, ఊరు దిగింది, లేచి వెళ్లండి. మధ్యలో హిందీ దొర్లింది, ఎవరో దాన్ని అక్కడ తెలుగులో మళ్లీ చెప్పారు. కాసేపు గోల. ఆ గోలలోంచి అవ్వ గొంతు.

"నాను ఆ దినమే సెప్పలేదేటి బాబూ?"

తర్వాత ఆమే, "లెగండర్రా, లెగండి, పిల్లల్ని ఎత్తుకోండి" అని కేకలేసింది. ఫోను ఆగిపోయింది.

అక్కణ్ణించి ఏం చేశానో వరసగా గుర్తులేదు. జామ చెట్టు కింద నిలబడ్డాను. దాని మొదట్లో ఆ చెరువు మన్ను ఇంకా నల్లగా ఉంది. మా ఆవిడ బల్ల దగ్గర కూర్చుని ప్రార్థన చేస్తోంది. దేవుణ్ణి అడగడానికి నాకు మొహం చెల్లలేదు. పన్నెండున్నర అయింది. ఒంటిగంట అయింది. రెండింటికి కర్మాగారం సైరను మోగితే ఉలిక్కిపడ్డాను.

మూడు దాటాక వేరే నంబరు నుంచి ఫోను వచ్చింది.

"అందరం దాటాం. ఆఖర్న వచ్చినోళ్లకి కట్ట మీద నడుం లోతు నీళ్లు. అవ్వని ఇద్దరు మోసుకొచ్చారు." ఆగింది. "బడి కిటికీల దాకా ములిగిపోయింది అన్నయ్యా."

నేను ఏడ్చాను. మా ఆవిడ ఫోను తీసుకుని మాట్లాడింది. దిబ్బ మీద ఎక్కడున్నారని అడిగింది. కొత్త ఇళ్లవాళ్లు తలుపులు తీశారట. తాము వద్దన్న స్థలాల్లో, వేరేవాళ్ల అరుగుల మీద, వాళ్లు వండిన అన్నం తిన్నారు ఆ రోజు.

ఆ తర్వాత ఆదివారాలు పది గంటలకి ఫోను రావడం మానేసింది. నేను చేస్తే ఎత్తేది, బాగున్నామనేది, పెట్టేసేది. ఊరికి ఇప్పుడు హైవే పక్కన స్థలాలిస్తున్నారని మా ఆవిడ ద్వారానే తెలిసింది. అక్కణ్ణించి పడవల దగ్గరకి రెండు బస్సులు మారాలి. వేటకి తెల్లవారకముందే పోవాలి, ఆ వేళకి బస్సే లేదు.

మూడు నెలలకి నాకు నేనుగా వెళ్లాను. లెవెల్ పెట్టె కూడా పట్టుకెళ్లాను, ఎందుకో తెలీదు. బడి గోడలు ఉప్పు తేరి ఉన్నాయి. ఎర్ర గీత అలాగే ఉంది, పసుపు మాత్రం కొట్టుకుపోయింది. జేబులోంచి చాకు తీసి త్రికోణం గీకడం మొదలుపెట్టాను. అవ్వ చూసి వచ్చింది.

"ఉంచు బాబూ. గీకీకు."

"తప్పు గీత అవ్వా."

"తప్పుదే. మేం ఎంతలాగ నమ్మీసేమో మాకు తెలవాల కదా."

చాకు మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆమె కోపంగా అనలేదు. టీ తాగి వెళ్లమంది.

చెల్లి నన్ను బస్సు దాకా సాగనంపింది. దారిలో సర్వే రాయి దగ్గర ఆగాం. గుల్లలు ఇంకా పైకి పాకాయి, చెక్కిన అంకెని సగం కప్పేశాయి. క్షమించమని అడగాలని భిలాయి నుంచి మాటలు కూర్చుకుని వచ్చాను. అవి మొదలుపెట్టేలోపే చెల్లి మాట్లాడింది.

"తప్పు కొలిచావని కాదు అన్నయ్యా నా బాధ" అంది, రాయి వైపే చూస్తూ. "తప్పు ఎవరైనా చేస్తారు. ఆ రోజు నేను పక్కానా అని అడిగాను. తెలీదు అని ఒక్క మాటంటే చాలు, మేం దిబ్బ మీదకి వెళ్లిపోయీవాళ్లం."

బస్సు వచ్చింది. అది నా లెవెల్ పెట్టె ఎత్తి లోపల సీటు కింద పెట్టి దిగింది. "మళ్లీ ఎప్పుడొస్తావు?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నాను.